వైజాగా, భీమిలా అని అడిగారు కదా

మేష్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు, కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మేసి సముద్రం పక్కన స్థిరపడాలని ఉంది, ఉండేది మీరు, మీ ఆవిడ, 80 దాటిన మీ అమ్మగారు, అబ్బాయి అమెరికాలో. వైజాగ్‌లో లాసన్స్ బే వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ ఒకటి చూశారు, అదే డబ్బుకి భీమిలిలో బీచ్‌కి ఎదురుగా పెరడుతో సహా ఇల్లే వస్తోంది. సందడి కావాలా, ప్రశాంతత కావాలా తేల్చుకోలేకపోతున్నాం అని రాశారు.

నేను 17 ఏళ్లు లాసన్స్ బే కాలనీలో ఉన్నాను, 2018 నుంచి భీమిలిలో ఉంటున్నాను. భీమిలికి వచ్చాక కూడా ఒకసారి ఇల్లు మారాను. ఆ మారడంలోనే మీ ప్రశ్నకి సగం జవాబు ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. మీరు రాసినదాంట్లో మీకేం కావాలో ఉంది, అమ్మగారి ఆరోగ్యం సంగతి ఉంది, మీ ఆవిడ ఏమంటున్నారో మాత్రం ఒక్క ముక్క లేదు. తప్పు పట్టడం లేదండీ, నేనూ సరిగ్గా అదే చేశాను. రిటైర్ అయ్యే ముందు ఏడాదంతా ఆదివారాలు స్కూటరేసుకుని బీచ్ రోడ్డంట భీమిలి వెళ్లడం, గోస్తని సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోవడం, వెనక్కి వస్తూ "ఇక్కడే ఉండిపోతే ఎంత బావుంటుంది" అనుకోవడం. మా ఆవిడ వెనక సీట్లో కూర్చుని "ఊ" అనేది. ఆ "ఊ"ని నేను ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాను.

మొదటి ఇల్లు ఊరికి బయట, ఎర్రమట్టి దిబ్బల వైపు తీసుకున్నాం. గేటు తీస్తే రోడ్డు, రోడ్డు దాటితే ఇసుక. మొదటి మూడు నెలలు నాకు స్వర్గం. పొద్దున్నే లేచి నడక, పడవలు వచ్చే వేళకి ఒడ్డు దగ్గరికి వెళ్లడం, అక్కడ జాలరి ఆడవాళ్లు పాట పాడుతుంటే, అంటే వేలం పాట లెండి, చూస్తూ నిలబడటం, ఎవరో ఒకావిడ నా మొహం చూసి జాలిపడి ఓ కిలో కవళ్లో, దొరికిన రోజున ఓ చిన్న కోనెం చేపో ఇచ్చేది. ఇంటికొచ్చి పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం మళ్లీ సముద్రం. నా రోజు నిండిపోయేది.

ఆవిడ రోజు సంగతి నాకు ఆర్నెల్లకి గానీ తట్టలేదు. లాసన్స్ బేలో ఉన్నప్పుడు తెల్లవారుజామున నలుగురు ఆడవాళ్లు కలిసి బీచ్ రోడ్డుకి వెళ్లేవారు. ఆ టైములో రోడ్డు మీదికి బళ్లు రానివ్వరు, రోడ్డు మొత్తం నడిచేవాళ్లదే, పక్కనే లాఫింగ్ క్లబ్బులు, రాగి జావ అమ్మే బళ్లు. వస్తూ వస్తూ ఎంవీపీ రైతు బజార్లో కూరలు. సాయంత్రం గుడి, లేదంటే కళాభారతిలో కచేరీ, లేదంటే ఊరికే ఎవరింట్లోనో కూర్చుని ఓ గంట కబుర్లు. వీటన్నిటికీ ఆవిడకి కావాల్సింది రెండు కాళ్లు, ఓ ఆటో, అంతే. భీమిలిలో మా ఇంటి దగ్గర సాయంత్రం ఏడయ్యేసరికి వీధి లైటు కింద కుక్క తప్ప మనిషి కనపడడు. ఆవిడకి బండి నడపడం రాదు, ఆటో కావాలంటే నేను ఊళ్లోకి వెళ్లి పిలుచుకురావాలి. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, కోపంగా కూడా కాదు, మామూలుగానే అంది: "మీకు సముద్రం ఉంది. నాకు టీవీ ఉంది."

2021లో బస్టాండుకి దగ్గర్లో, ఊరి మధ్యలో ఇంటికి మారాం. మేడ మీదికెక్కితే సముద్రం కనపడుతుంది, నడిస్తే పది నిమిషాలు. కింద కిరాణా కొట్టు, ఎదురుగా టైలరు, పక్కింట్లో రిటైరైన టీచరమ్మ, పొద్దున్న ఆరింటికి పాల ప్యాకెట్ల కుర్రాడు బెల్లు కొట్టుకుంటూ పోవడం. భీమిలి లెక్కలో అది రద్దీ వీధి. వైజాగ్ నుంచి వచ్చిన మా చెల్లెలు మాత్రం "అన్నయ్యా, ఇక్కడ ఎవరూ లేరేంటి" అంది. మా ఆవిడ ఇప్పుడు టీచరమ్మతో కలిసి వారానికోసారి 900కె బస్సెక్కి వైజాగ్ వెళ్లొస్తుంది, నన్ను రమ్మని కూడా అడగదు.

నేను చెప్పేది ఇదే. సందడి ఊరా, నిశ్శబ్దం ఊరా అని ఊర్ల మధ్య కొట్టుకోకండి, వీధి చూసుకోండి. భీమిలి తీసుకుంటే ఊరి నడిబొడ్డున తీసుకోండి, వైజాగ్ తీసుకుంటే బీచ్ రోడ్డు మీద కాకుండా రెండు మూడు వీధులు లోపలికి తీసుకోండి. మీరు చూసిన రెండూ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉన్నాయి: వైజాగ్‌లోదేమో బీచ్ రోడ్డుకి ఆనుకుని, భీమిలిలోదేమో ఊరికి దూరంగా ఇసుకకి ఎదురుగా.

వైజాగ్ సందడి గురించి మీకున్న భయం కొంత నిజమే. శని, ఆదివారాల్లో ఆర్కే బీచ్ నుంచి జనం ఇటు లాసన్స్ బే దాకా పరుచుకుంటారు, మురీ మిక్చర్ బళ్లు, బెలూన్లు, సైలెన్సర్ పీకేసిన బైకులు. మేం అక్కడున్న రోజుల్లో డిసెంబర్ 4న నేవీ డే విన్యాసాలు, అవయ్యాక 31వ తేదీ రాత్రి, ఆ నెలంతా బీచ్ రోడ్డు మీద బాల్కనీ ఉన్నవాడికి చుట్టాలు ఎక్కువ, నిద్ర తక్కువగా ఉండేది. (నేవీ డే నాడు మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లలో సగం మంది పేర్లు నాకు తెలియవు.) కానీ అదే కాలనీలో రెండు వీధులు లోపలికి వెళితే రాత్రి తొమ్మిదిన్నరకి కుక్కర్ విజిల్ కూడా వినపడుతుంది. పోర్టు వైపు పాత ఊళ్లో బొగ్గు పొడి బాధ ఉంది, గుడ్డలు ఆరేస్తే నల్ల మచ్చలు పడతాయి. లాసన్స్ బే, ఎంవీపీ వైపు మాకు ఆ ఇబ్బంది తెలియలేదు.

ఇక భీమిలి నిశ్శబ్దం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది, డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌసు, కొండ మీద నరసింహస్వామి, ఇవన్నీ చూసి ఏదో కాలం ఆగిపోయిన చోటు అనుకుంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అది నిజం. ఆదివారం సాయంత్రం వచ్చి చూడండి, కార్లు పెట్టుకోవడానికి చోటుండదు. కార్తీక మాసంలో వనభోజనాల బస్సులు, మైకులు. అన్నిటికంటే ముఖ్యంగా సముద్రమే నిశ్శబ్దంగా ఉండదండీ. జూన్, జూలైల్లో గాలి తిరిగినప్పుడు మా మొదటి ఇంట్లో రాత్రంతా లారీలు దొర్లుతున్నట్టు ఉండేది. రెండు రోజులు వచ్చి లాడ్జిలో పడుకునేవాళ్లకి అది జోలపాట. ఏడాది పొడుగునా వినేవాడికి కిటికీలు మూసుకోవాల్సిన చప్పుడు.

సముద్రానికి ఎదురిల్లు అనగానే మీకు నోరూరుతోందని తెలుసు, అందుకే తుప్పు గురించి చెప్పాలి. మా మొదటి ఇంట్లో ఏసీ బయట డబ్బా రెండున్నరేళ్లలో పోయింది. మెకానిక్ వచ్చి మూత విప్పితే లోపల రేకులు అప్పడాల్లా పొడి పొడిగా రాలాయి. "సముద్రానికి ఎదురుగా ఎట్టేసారేటి బాబూ, ఎనక్కి ఎట్టుకోవాలి గానీ" అన్నాడు. ఆ మాట పెట్టినవాడు చెప్పలేదు. వీధి గేటు తాళం తీస్తుంటే ఒకరోజు చెవి తాళంలోనే విరిగింది, అప్పటికి ఆ తాళం వయసు ఎనిమిది నెలలు. కిటికీ గ్రిల్స్‌కి ఏటా రంగు వెయ్యాలి, ఒక ఏడాది బద్ధకిస్తే మరుసటి ఏడాది రంగు కాదు, గ్రిల్లే మార్చాలి. ఫ్యాన్లు, మిక్సీ మోటారు, గ్యాస్ స్టవ్ బర్నర్ల కింది రేకు, బీరువా అడుగు, చివరికి మా ఆవిడ కుట్టుమిషన్ సూదుల డబ్బా, దేన్నీ వదల్లేదు. బూజు వేరే. పుస్తకాలున్న ఇల్లయితే వానాకాలం, చలికాలం మధ్య నెలల్లో వాటి సంగతి చూసుకోవడమే ఒక ఉద్యోగం.

పాత కట్టడం కొంటుంటే శ్లాబు కింద చూడండి. సున్నం మీద ఎర్రటి చారలు, పెచ్చులు ఊడిన చోట్లు ఉంటే లోపలి ఇనుము ఉబ్బుతోందని అర్థం. కొత్తగా రంగులేసి అమ్మకానికి పెట్టిన ఇంట్లో ఇవి కనపడవు కాబట్టి బాత్రూం పైకప్పు, మేడ మెట్ల కింది భాగం చూడండి, రంగులేసేవాళ్లు అక్కడ బద్ధకిస్తారు. ఊళ్లోకి మారాక ఈ గొడవ పోలేదు గానీ సగానికి సగం తగ్గింది. మధ్యలో రెండు వరసల ఇళ్లు అడ్డం ఉంటే ఉప్పుగాలి అక్కడే కొంత ఆగుతుంది.

నీళ్లు కూడా అంతే. ఒడ్డుకి దగ్గర బోరు వేస్తే తియ్యటి నీళ్లు పడతాయో ఉప్పు పడతాయో ఎవరూ చెప్పలేరు. మా మొదటి ఇంట్లో చలికాలం బాగుండేవి, మే నెలకి పప్పు ఉడికేది కాదు. ఇల్లు చూడటానికి వేసవిలో వెళ్లండి, వెళ్లి కుళాయి విప్పి ఓ గుక్క నోట్లో పోసుకోండి, అమ్మేవాడి మాట కంటే అది నయం.

తుఫాను గురించి అడిగారు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చినప్పుడు మేం లాసన్స్ బేలో మూడో అంతస్తులో ఉన్నాం. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి. హాల్లో కిటికీ అద్దం పగిలితే సోఫా నిలబెట్టి అడ్డం పెట్టి నేనూ మా అబ్బాయీ దానికి వీపు ఆనించి కూర్చున్నాం, ఎంతసేపో తెలియదు. మర్నాడు బయటికొస్తే చెట్లన్నీ ఎవరో నిప్పు పెట్టినట్టు గోధుమరంగులో ఉన్నాయి, ఆకన్నది లేదు, పచ్చటి కైలాసగిరి బోడిగుండు అయిపోయింది. కరెంటు చాలా రోజులు లేదు, పాల ప్యాకెట్‌కి ఎంత అడిగితే అంత ఇచ్చాం. కానీ మా అపార్ట్‌మెంట్లో 12 కుటుంబాలు. రెండో రోజే అందరం డబ్బులేసుకుని జనరేటర్‌కి డీజిల్ తెప్పించాం, రోజుకో గంట మోటారు వేసుకున్నాం, కింద పార్కింగ్‌లో ఒకే పొయ్యి మీద అందరికీ ఉప్మా. అదే 2021 సెప్టెంబర్‌లో గులాబ్ తుఫాను, అది తీరం దాటింది ఎక్కడో కళింగపట్నానికి పైన, మా దగ్గర వానలే. మేం అప్పటికి ఊళ్లోకి మారిపోయాం గానీ, మా మొదటి ఇంటి పక్కన ఉండే పెద్దాయన ఒక్కడే రెండు రాత్రులు చీకట్లో కూర్చున్నాడు, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆయన ఉన్నాడో లేడో తెలియక నేను టార్చి పట్టుకుని వెళ్లాను. పెద్ద తుఫాన్లో సందడి ఊరు నయమని దీన్నిబట్టి నేను అనడం లేదు. గోడకి అవతల మనిషి ఉండే ఇల్లు నయం, అది ఏ ఊరైనా సరే.

ఇప్పుడు అమ్మగారి సంగతి. నిజానికి మీ నిర్ణయం ఇక్కడే తేలిపోవాలి. లాసన్స్ బే నుంచి ఆరిలోవ హెల్త్ సిటీ వైపున్న పెద్దాసుపత్రులకి పది పదిహేను నిమిషాలు, పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ కూడా దగ్గరే. భీమిలిలో ప్రభుత్వాసుపత్రి ఉంది, సంగివలసలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, జ్వరాలకీ, చిన్న దెబ్బలకీ లోటు లేదు. గుండె, పక్షవాతం లాంటివాటికి మాత్రం వైజాగ్ పరిగెత్తాల్సిందే, దాదాపు 30 కిలోమీటర్లు. 2019లో మా అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆదివారం సాయంత్రం. డ్రైవర్ బీచ్ రోడ్డు పట్టాడు, నాకూ తోచలేదు, రుషికొండ దగ్గర జనంలో ఇరుక్కుపోయాం. వ్యాను అంగుళం కదలదు, పక్కన పిల్లలు మొక్కజొన్న పొత్తులు తింటున్నారు, లోపల ఆవిడ మూలుగు. తగరపువలస మీదుగా హైవే ఎక్కి ఆనందపురం, మధురవాడ వైపు వెళ్లుంటే చాలా ముందే చేరేవాళ్లం. మీరు భీమిలి వస్తే ఇది గుర్తుపెట్టుకోండి, సెలవు రోజు సాయంత్రం అంబులెన్సుకి బీచ్ రోడ్డు రోడ్డు కాదు. అమ్మగారికి ఇప్పటికే గుండె మందులు నడుస్తున్నాయని రాశారు కాబట్టి, ఆవిడ ఉన్నన్నాళ్లు వైజాగే అని నా గట్టి అభిప్రాయం. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

కొంతమంది మీకు మధ్యేమార్గం చెప్పారు, సాగర్ నగర్, రుషికొండ. నాకు నచ్చదు. అక్కడ రెండు ఊర్ల మంచీ దొరుకుతుందంటారు, నేను చూసినంతలో రెండిటి ఇబ్బందీ దొరుకుతుంది. వారాంతం ట్రాఫిక్ మొత్తం గుమ్మం ముందు నుంచే పోతుంది, కూరలకి మాత్రం బండి తియ్యాలి. కారు నడిపే నలభై ఏళ్లవాళ్లకి బాగానే ఉంటుందేమో.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి భీమిలి చుట్టుపక్కల ప్రతివాడూ బ్రోకరే అయిపోయాడు. స్థలం గానీ ఇల్లు గానీ కొనేముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి, డీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకిచ్చినవి, చేతులు మారిన చోట్లు ఇక్కడ బోలెడు. ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ ముప్పై ఏళ్ల వెనక్కి తీయించండి. బీచ్‌కి ఎదురుగా అన్నారు కాబట్టి ఇంకోటి, పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జెడ్ పరిధి, అంటే తీరంలో కట్టడాలకి ఆంక్షలుండే ప్రాంతం, అక్కడ ఎంత దూరంలో ఏం కట్టొచ్చో, ఉన్నదాని మీద ఇంకో అంతస్తు వేయొచ్చో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. "అందరూ కట్టారు కదండీ" అనే మాట నేను కనీసం పదిమంది నోట విన్నాను.

ఖర్చు గురించి పెద్దగా చెప్పను. భీమిలిలో అద్దెలు, కూరలు, చేపలు చవక, ఆ మిగిలింది వైజాగ్ తిరగడానికి, తుప్పు మరమ్మతులకి పోతుంది. చేపలు కూడా ఏడాదంతా ఒకేలా ఉండవు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ సముద్రం ఎదురుగా కూర్చుని చెరువు చేప తినాలి.

మరి ఏం చెయ్యాలంటారా? కూకట్‌పల్లి ఫ్లాట్ అప్పుడే అమ్మకండి, అద్దెకివ్వండి. ఆ డబ్బుతో వైజాగ్‌లో ఇల్లు అద్దెకి తీసుకోండి, లాసన్స్ బేలోనో, ఎంవీపీలోనో, పెదవాల్తేరులోనో, లోపలి వీధిలో, లిఫ్ట్ ఉన్న చోట. అక్టోబర్‌లో దిగండి. అప్పుడు దిగితే తుఫాన్ల కాలం, డిసెంబర్ జనం, మే నెల ఉక్కపోత, మూడూ ఒక ఏడాదిలోనే చూసేస్తారు. జనవరిలో దిగేవాళ్లంతా ఊరితో ప్రేమలో పడి ఫిబ్రవరిలో అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ ఏడాదిలోనే వారానికోసారి భీమిలి రండి, కారులో కాదు, బస్సులో, ఆదివారం కాదు, మంగళవారమో బుధవారమో. మధ్యాహ్నం వచ్చి సాయంత్రం ఏడు దాటేదాకా ఉండండి, మీ ఆవిడని ఊళ్లో ఒక్కరినే ఓ రెండు గంటలు తిరగనివ్వండి, మీరు సముద్రం దగ్గర కూర్చోండి. బస్సెక్కాక ఆవిడేమంటారో వినండి. "ఊ" అంటే మాత్రం లెక్కలోకి తీసుకోకండి, ఇంకోసారి అడగండి.

వచ్చేటప్పుడు అమ్మగారి మందుల చీటీ ఫోన్లో ఫొటో తీసుకురండి. మా వీధి చివర మందుల షాపు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, చీటీ చూపించి అందులో ఎన్ని ఇక్కడ స్టాక్ ఉంటాయో, ఎన్ని వైజాగ్ నుంచి తెప్పించాలో అడగండి. తర్వాత మా ఇంటికి రండి, మా ఆవిడ టీ ఇస్తుంది, నేను చెప్పినవాటిలో ఏవి అబద్ధమో కూడా ఆవిడే చెబుతుంది.